అణుబాంబు గురించి మీరడిగినవాటికి నాకు తెలిసినంత

విశాఖ నుంచి రాస్తూ, 2025 మే 7న మాక్ డ్రిల్ సైరన్ మోగిన రోజు నుంచి ఇంట్లో ఇదే మాట నడుస్తోందన్నారు. మీ ప్రశ్నలు ఇవీ: హిరోషిమాలో ఇప్పటికీ రేడియేషన్ ఉందా, అక్కడ పుట్టే పిల్లలకి లోపాలు వస్తున్నాయా, కరెంటు తయారుచేసే రియాక్టరు కూడా బాంబులా పేలుతుందా, బ్రహ్మాస్త్రం అంటే అణుబాంబేనా, ఎవరో ఒకరు బటన్ నొక్కితే అంతా అయిపోయినట్టేనా, నేవీ ఉంది కాబట్టి విశాఖ ముందు పోతుందా. చివర్లో ఇంకోటి: అమ్మ డ్రమ్ముల్లో నీళ్ళు పట్టి పెడుతోంది, ఆవిడకి ఏం చెప్పమంటారు అని.

నేను 27 ఏళ్ళు కేన్సర్ ఆస్పత్రుల్లో రేడియేషన్ భద్రత చూశాను. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జిని రోజూ చొక్కాకి తగిలించుకోవడం, మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకి పంపడం, తిరిగొచ్చిన కాగితంలో నా పేరు పక్కన ఎంత డోసు పడిందో చూసుకోవడం, ఇదే నా ఉద్యోగం. అందుకని రేడియేషన్ అంటే నాకు గుడ్డి భయం లేదు, ఎంత, ఎంతసేపు, ఎంత దూరం అని లెక్కేసుకునే అలవాటు ఉంది. ఆ లెక్కతో చూస్తే నాకు అనిపించేది ఒకటే: అణుబాంబు విషయంలో మనం భయపడక్కర్లేని చోట చాలా భయపడుతున్నాం, నిజంగా భయపడాల్సిన చోటికి మన చూపు పోవడం లేదు.

హిరోషిమాతో మొదలుపెడతాను. 1945 ఆగస్టు 6 ఉదయం అక్కడ కూడా సైరన్ మోగింది. వాతావరణం చూసుకోవడానికి ఒక విమానం వచ్చి వెళ్ళింది, 7:31కి ప్రమాదం లేదని మళ్ళీ సైరన్ ఇచ్చారు, జనం ఊపిరి పీల్చుకుని పనుల్లో పడ్డారు. 8:15కి బాంబు పేలింది, నేలకి దాదాపు 600 మీటర్ల ఎత్తులో. బాంబులో ఉన్న యురేనియం 64 కిలోలు, అందులో నిజంగా విచ్ఛిత్తి చెందింది, అంటే పరమాణువులు చీలిపోయింది, ఒక కిలో కంటే తక్కువ, చివరికి శక్తిగా మారిపోయిన పదార్థం ఒక గ్రాము కూడా లేదు, లెక్కేస్తే 0.7 గ్రాములు వస్తుంది. అంటే ఓ ముప్పై, నలభై బియ్యపు గింజల బరువు. దాంతో వచ్చిన శక్తి 15,000 టన్నుల టీఎన్‌టీ అనే మందుగుండుకి సమానం. పది టన్నుల లారీలు 1,500 వరసగా పెట్టి, అన్నిట్లోనూ మందుగుండు నింపి ఒకే క్షణంలో పేల్చినట్టు ఊహించుకోండి.

ఆ శక్తి ఎలా పంచుకుపోతుందో తెలిస్తే చాలా అపోహలు పోతాయి. ఇలాంటి బాంబు గాలిలో పేలినప్పుడు దాదాపు సగం శక్తి పేలుడు గాలిగా పోతుంది, నూటికి 35 వంతులు వేడిగా, మిగిలిన 15 వంతులు మాత్రమే రేడియేషన్‌గా. ఆ రోజు హిరోషిమాలో ఎక్కువమందిని చంపింది వేడి, కూలిన ఇళ్ళు, ఆ ఇళ్ళకి అంటుకున్న మంట. బాంబు కింద నేల మీద వేడి 3,000 డిగ్రీలు దాటింది. చెక్క ఇళ్ళ ఊరు, పొద్దున్న వంట పొయ్యిలు వెలిగి ఉన్న సమయం. ఇంటి దూలం కింద కాళ్ళు ఇరుక్కున్న వాళ్ళని బయటికి లాగలేక, మంట దగ్గరికొస్తుంటే వదిలేసి పరుగెత్తిన వాళ్ళు ఆ బాధని జీవితాంతం మోశారు. ఆ సంవత్సరం ఆఖరుకి చనిపోయినవాళ్ళు దాదాపు 1,40,000 మంది, మూడు రోజుల తర్వాత నాగసాకిలో పడ్డ బాంబుకి దాదాపు 74,000 మంది.

ఒక శిక్షణ కోసం జపాన్ వెళ్ళినప్పుడు హిరోషిమా మ్యూజియం చూశాను. అక్కడ గాజు పెట్టెలో ఒక క్యారేజీ ఉంది. మూత తెరిచి పెట్టారు, లోపల అన్నం మాడి నల్లటి బొగ్గు ముద్దయిపోయింది, గిన్నె అంచు వంకరపోయింది. అప్పట్లో బాంబుదాడుల్లో మంటలు పాకకుండా ఊరి మధ్య ఇళ్ళు పడగొట్టే పనికి వేలమంది బడిపిల్లల్ని పంపేవారు, ఆ క్యారేజీ వాళ్ళలో ఒక పిల్లాడిది. వాడి శవాన్ని వాళ్ళమ్మ గుర్తుపట్టింది ఆ క్యారేజీని బట్టే, వాడు దాన్ని పొట్ట కింద పెట్టుకుని పడి ఉన్నాడట. పొద్దున్న ఆవిడే కట్టి ఇచ్చింది, వాడు తినలేదు. నేను ఎన్నో అంకెలు చదివి వెళ్ళాను కానీ ఆ గిన్నె ముందు నుంచి చాలాసేపు కదల్లేకపోయాను.

ఇక రేడియేషన్. అక్కడి రెడ్‌క్రాస్ ఆస్పత్రి బాంబు పడిన చోటికి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉంది. నేలమాళిగలో జాగ్రత్తగా దాచిన ఎక్స్‌రే ఫిల్ములు తీసి చూస్తే అన్నీ పాడైపోయి ఉన్నాయి, వాడకముందే వాటికి కిరణాలు తగిలేశాయి. డాక్టర్లకి ఇది మామూలు బాంబు కాదని అర్థమవడానికి అదొక కారణం. ఎక్స్‌రే విభాగంలో పనిచేసిన వాళ్ళెవరికైనా ఈ సంగతి వింటే ఒళ్ళు జలదరిస్తుంది, గోడల వెనక, నేల కింద పెట్టిన ఫిల్మే అలా అయితే బయట నిలబడ్డ మనిషి ఒంట్లోంచి ఎంత దూసుకుపోయి ఉంటుందో వెంటనే లెక్క తట్టేస్తుంది. పైకి దెబ్బే లేనివాళ్ళు రెండు మూడు వారాల్లో జుట్టు ఊడి, చిగుళ్ళ నుంచి రక్తం కారి చనిపోయారు.

కానీ ఇప్పుడు అక్కడ ఆ రేడియేషన్ లేదు. ఎక్కడైనా సహజంగా ఉండేదే ఉంది. బాంబు ఎత్తులో పేలింది కాబట్టి నిప్పుల గోళం నేలని తాకలేదు, విషధూళిలో చాలా భాగం పైకి పోయి చెదిరిపోయింది. మసి, ధూళి కలిసిన నల్లవానగా కొంత దిగింది, అది తగిలినవాళ్ళు నష్టపోయారు, అది నిజం. నేలలో పుట్టిన రేడియోధార్మికత మాత్రం కొన్ని రోజుల్లోనే బాగా తగ్గిపోయింది. మూడో రోజుకి, ఆగస్టు 9న, ఊళ్ళో కొంత దూరం ట్రాము మళ్ళీ నడిచింది. 75 ఏళ్ళ దాకా గడ్డి కూడా మొలవదని పుకారు పుట్టింది, కానీ గన్నేరు పూసింది. మన ఇళ్ళ ముందు, హైవేల మధ్య డివైడర్ల మీద ఉంటుందే, ఆ గన్నేరే. ఇప్పుడు హిరోషిమా నగర పుష్పం అదే. కేరళలో కొల్లం తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం వల్ల ఉండే సహజ రేడియేషన్ ఇప్పటి హిరోషిమా వీధుల్లో కంటే చాలా ఎక్కువ. మీ భీమిలి ఇసుకలో కూడా మోనజైట్ ఉంది, అక్కడ పిల్లలు హాయిగా ఆడుకుంటున్నారు కదా.

పుట్టే పిల్లల సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఈ అపోహ మనుషుల బతుకులు పాడుచేసింది. రెండు వేరు వేరు విషయాల్ని జనం ఒకటి చేసేశారు. బాంబు పడ్డ రోజుకే తల్లి కడుపులో ఉన్న పిల్లలకి, ముఖ్యంగా 8 నుంచి 15 వారాల మధ్య గర్భంలో ఉండి ఎక్కువ డోసు తగిలినవాళ్ళకి, తల చిన్నగా ఉండటం, బుద్ధి ఎదగకపోవడం కనిపించింది. అది నిజం. ఆ తర్వాత కడుపున పడ్డ పిల్లల విషయం వేరు. 1948 నుంచి 1954 వరకు ఆ రెండు ఊళ్ళలో పుట్టిన దాదాపు 77,000 మంది శిశువుల్ని డాక్టర్లు పరీక్షించారు, పుట్టుకతో వచ్చే లోపాలు మామూలు కంటే ఎక్కువేమీ కనబడలేదు. అయినా సరే, బతికి బయటపడ్డవాళ్ళకి (వాళ్ళని అక్కడ హిబాకుషా అంటారు) పెళ్ళి సంబంధాలు రాలేదు. ఫలానా ఊరి పిల్లట, వద్దు అనేవారు. చాలామంది తాము హిరోషిమా వాళ్ళమనే చెప్పుకోలేదు. మన దగ్గర సంబంధాలు చూసేటప్పుడు ఆ ఇంట్లో ఫలానా జబ్బుందట అని ఒక మాట పుడితే ఏమవుతుందో మీకు తెలుసు కాబట్టి ఇంతకంటే వివరించక్కర్లేదు.

బతికినవాళ్ళకి సొంతంగా ముప్పు లేదని కాదు. లుకేమియా కేసులు రెండు మూడేళ్ళ తర్వాత పెరగడం మొదలై, 1950ల మొదట్లో పతాక స్థాయికి వెళ్ళాయి, మిగతా కేన్సర్లు దశాబ్దాల తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. అమెరికా 1947లో పెట్టిన సంస్థ వీళ్ళని ఏళ్ళ తరబడి పరీక్షించింది కానీ వైద్యం చెయ్యలేదు, ఆ బాధ హిబాకుషాలకి ఎప్పటికీ పోలేదు. ఈ రోజు ఆస్పత్రుల్లో మేం వాడే భద్రతా పరిమితుల్లో చాలా భాగం వాళ్ళ ఒంట్లోంచి వచ్చిన లెక్కల మీదే నిలబడి ఉంది. బ్యాడ్జి రిపోర్టు చూసుకునేటప్పుడు నాకు ఈ మాట చాలాసార్లు గుర్తొచ్చేది.

రియాక్టరు ప్రశ్న తొందరగా అయిపోతుంది. బాంబులా పేలదు. బాంబుకి కావాల్సిన యురేనియంలో 235 రకం దాదాపు 90 శాతం ఉండాలి, ప్రకృతిలో దొరికే యురేనియంలో అది 0.7 శాతమే. మన దేశంలో ఎక్కువ రియాక్టర్లు ఆ సహజ యురేనియంతోనే నడుస్తాయి, వాటి ఇంధనం హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారవుతుంది. ఆ చుట్టుపక్కల ఇల్లు కొనాలంటే భయం అని నన్ను అడిగినవాళ్ళున్నారు, అది బాంబు అవుతుందేమోనన్న భయం మాత్రం వదిలేయొచ్చు. 1986లో చెర్నోబిల్‌లో జరిగింది అదుపు తప్పిన రియాక్టరులో ఆవిరి పేలుడు, ఆ తర్వాత నిప్పు, దాంతో బయటికొచ్చిన విషధూళి. అది ఘోరమే, కానీ ఊరు ఊరంతా ఒక్క క్షణంలో చదునైపోయే ఘోరం కాదు.

హైడ్రోజన్ బాంబు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి, ఎందుకంటే ఇవాళ అమెరికా, రష్యాల దగ్గర ఉన్నవి ఎక్కువగా ఆ రకమే. అందులో హిరోషిమా రకం బాంబు నిప్పు ముట్టించే అగ్గిపుల్ల మాత్రమే. 1954 మార్చి 1న పసిఫిక్‌లో బికినీ దీవి దగ్గర అమెరికా ఒకటి పరీక్షించింది. 6 మెగాటన్నులు (మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ) వస్తుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు, వచ్చింది 15 మెగాటన్నులు, అంటే హిరోషిమాకి వెయ్యి రెట్లు. ప్రపంచంలో ఆ పనిలో ఆరితేరినవాళ్ళ లెక్కే రెండున్నర రెట్లు తప్పింది. నేల మీద పేల్చారు కాబట్టి పగడపు దీవి పొడి పొడై పైకి లేచి, తెల్లటి బూడిదగా వందల కిలోమీటర్లు కురిసింది. అటువైపు చేపలు పడుతున్న ఒక జపాన్ పడవలో 23 మంది ఉన్నారు. ఆ బూడిద ఏమిటో తెలియక చేతులతో ఊడ్చి ఎత్తారు, నోట్లోకి, కళ్ళలోకి పోయింది. అందరికీ జబ్బు చేసింది, రేడియో ఆపరేటరు ఆ సెప్టెంబరులో చనిపోయాడు. రొంగెలాప్ అనే దీవిలో పిల్లలు ఆ బూడిదలో ఆడుకున్నారు. వాళ్ళని అక్కడి నుంచి తీసుకెళ్ళడానికి రెండు రోజులు పట్టింది.

బ్రహ్మాస్త్రం మాట. వాట్సాప్‌లో తిరిగేది నేనూ చూశాను, మొహెంజొదారో ఎముకల్లో రేడియేషన్ దొరికిందని. అలాంటి ఆధారం లేదు. అమెరికాలో అణుబాంబు తయారుచేసిన శాస్త్రవేత్తల నాయకుడు ఒప్పెన్‌హైమర్ గీత చదివాడన్నది మాత్రం నిజం. కాలిఫోర్నియాలో సంస్కృతం నేర్చుకున్నాడు, 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి పరీక్ష జరిగినప్పుడు విశ్వరూప సందర్భంలోని "కాలోఽస్మి" శ్లోకం గుర్తొచ్చిందని 1965లో టీవీలో చెప్పాడు. అంతవరకే. అస్త్రాల కథని సైన్సుగా నిరూపించాలని తంటాలు పడటం కంటే, ఆ కథ ఏం చెప్తోందో చూస్తే మనకి ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ ఒక గడ్డిపరక తీసుకుని బ్రహ్మశిరోనామకాస్త్రం వేస్తాడు, అర్జునుడూ వేస్తాడు, వ్యాసుడు, నారదుడు వచ్చి మధ్యలో నిలబడి ఇద్దర్నీ వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామకి వెయ్యడం వచ్చు కానీ ఉపసంహరించడం రాదు, అది వెళ్ళి ఉత్తర కడుపులోని బిడ్డ మీద పడింది. ఇవాళ భూమి మీద ఏ దేశపు ఖండాంతర క్షిపణికీ ఉపసంహారం లేదు. ఒకసారి లేచాక పొరపాటైంది, ఆగు అని దానికి చెప్పే మార్గం లేదు.

బటన్ ప్రశ్నకి నేను ఇందుకే వస్తున్నాను. నిజానికి ఎర్ర బటన్ ఏదీ ఉండదు. అమెరికాలో అధ్యక్షుడు ఒక్కడే ఆజ్ఞ ఇవ్వగలడు, ఆ ఆజ్ఞ ఇవ్వడానికి కావాల్సినవన్నీ ఉన్న పెట్టె మోసుకుంటూ వెంట ఎప్పుడూ ఒక అధికారి తిరుగుతాడు. మన దేశంలో ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలి అనుమతి లేకుండా వాడకూడదు, ముందుగా మనం వాడం అనేది 2003 జనవరిలో ప్రకటించిన విధానం. ఏ దేశంలోనైనా పిచ్చివాడెవడో వచ్చి నొక్కేస్తాడేమో అని జనం భయం. నా భయం వేరే. తెలివైనవాళ్ళు, బాధ్యత ఉన్నవాళ్ళు, తప్పుడు సమాచారం చేతిలో పెట్టుకుని, అయిదారు నిమిషాల్లో నిర్ణయం తీసుకోవాల్సి రావడం.

ఇది ఊహ కాదు. 1983 సెప్టెంబరు 26, అర్ధరాత్రి దాటింది. మాస్కోకి దక్షిణంగా ఒక నేలమాళిగ కేంద్రంలో స్తానిస్లావ్ పెత్రోవ్ అనే 44 ఏళ్ళ లెఫ్టినెంట్ కల్నల్ డ్యూటీలో ఉన్నాడు. సైరన్ మోగింది, ఎదురుగా తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి, అమెరికా నుంచి క్షిపణి బయల్దేరిందని. తర్వాత రెండోది, మూడోది, మొత్తం అయిదు. సమాచారం నమ్మదగ్గదే అని కంప్యూటరు చెప్తోంది. మూడు వారాల కిందటే రష్యన్లు కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేసి 269 మందిని చంపారు, రెండు దేశాల మధ్య టెన్షన్ తారస్థాయిలో ఉంది. పెత్రోవ్ చెయ్యాల్సింది పైకి ఫోన్ చేసి దాడి జరుగుతోందని చెప్పడం. అతను ఆలోచించింది ఇంతే: నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాళ్ళు అయిదు క్షిపణులతో మొదలుపెట్టరు, పైగా ఈ ఉపగ్రహ వ్యవస్థ కొత్తది, దీన్ని ఇంకా పూర్తిగా నమ్మలేం. ఒక చేతిలో ఫోన్ పట్టుకుని, ఇది తప్పుడు హెచ్చరిక అని చెప్పాడు. చెప్పేశాక, రాడార్లకి ఏమీ కనబడలేదని తేలేదాకా, ఆ కొద్ది నిమిషాలు అతనెలా కూర్చున్నాడో ఆలోచించండి. మేఘాల మీద పడ్డ ఎండ మెరుపుని ఉపగ్రహం క్షిపణి మంట అనుకుంది. అంతే కారణం.

ఇదొక్కటే అయితే అదృష్టం అనుకుని వదిలేసేవాణ్ణి. 1979 నవంబరులో అమెరికా కంప్యూటర్లలోకి శిక్షణ కోసం తయారుచేసిన దాడి టేపు అసలు హెచ్చరికగా ఎక్కేసింది. తర్వాతి ఏడాది జూన్‌లో 46 సెంట్ల చిప్ ఒకటి పాడై తెర మీద వందల క్షిపణులు చూపించింది. 1962 అక్టోబరు 27న క్యూబా దగ్గర ఒక రష్యన్ జలాంతర్గామి మీద అమెరికన్లు పైకి రమ్మని హెచ్చరిక బాంబులు వేస్తుంటే, లోపల ఊపిరాడని ఉక్కపోతలో, కెప్టెన్ అణు టార్పెడో సిద్ధం చెయ్యమన్నాడు, అదే ఓడలో ఉన్న వసీలీ అర్ఖిపోవ్ అనే అధికారి ఒప్పుకోలేదు. 1995 జనవరిలో నార్వే నుంచి ధ్రువకాంతుల్ని పరిశోధించడానికి లేచిన రాకెట్టుని చూసి రష్యా అధ్యక్షుడి ముందు అణు పెట్టె తెరిచారు. రేడియేషన్ భద్రతలో మాకు మొదట నేర్పేది ఒకటుంది: ప్రమాదం ఒక పెద్ద తప్పుతో రాదు, చిన్న చిన్నవి నాలుగు ఒకేసారి వరసలో పడితే వస్తుంది. నా ఉద్యోగంలో ఒకసారి చికిత్స గది తలుపుకుండే ఇంటర్‌లాక్ (తలుపు తెరిస్తే రేడియేషన్ ఆపేసే ఏర్పాటు) పనిచెయ్యలేదు, అదే రోజు హెచ్చరిక లైటు బల్బు మాడిపోయి ఉంది, అదే రోజు కొత్త టెక్నీషియన్ డ్యూటీ. చేతిలో రేడియేషన్ మీటరు పట్టుకుని వెళ్ళే అలవాటు ఆ అబ్బాయికి ఉండబట్టి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. అది ఒక గది, ఒక మనిషి. ఇప్పుడు ప్రపంచంలో తొమ్మిది దేశాల దగ్గర 12,000 పైచిలుకు బాంబులున్నాయి, వాటిలో రెండు వేలు చెప్పిన వెంటనే లేవడానికి సిద్ధంగా పెట్టి ఉంచారు. 1986లో 70,000 ఉండేవి, తగ్గాయి, అది మంచిదే. కానీ ఆ రెండు వేల వెనక ఉన్న మనుషులకీ నిద్ర చాలదు, వాళ్ళ దగ్గరా బల్బులు మాడతాయి.

మన దగ్గరికి వస్తే సమయం ఇంకా తక్కువ. అమెరికా, రష్యాల మధ్య క్షిపణికి అరగంట పడుతుంది, భారత్, పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి నగరాలకి పది నిమిషాలు కూడా పట్టదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున లేచి పాకిస్తాన్‌లో 120 కిలోమీటర్లు లోపలికి వెళ్ళి మియాఁ చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదు, ఎవరూ చనిపోలేదు, మన ప్రభుత్వం రెండు రోజుల తర్వాత విచారం ప్రకటించింది, ముగ్గురు వైమానిక దళ అధికారుల్ని తర్వాత తొలగించారు. అవతలివాళ్ళు ఆ రోజు నిదానంగా ఉన్నారు. రెండు దేశాల దగ్గరా తలా 170, 180 బాంబులున్న చోట ఇలాంటిది ఇంకోసారి, 2025 మే లాంటి రోజుల్లో జరిగి ఉంటే అని నేను ఆలోచించకుండా ఉండలేను.

ఊరటనిచ్చేది కూడా ఒకటి ఉంది, మనవాళ్ళకి ఎక్కువగా తెలీదు. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చెయ్యకూడదని భారత్, పాకిస్తాన్ 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ రియాక్టర్లు, ఇంధన కర్మాగారాలు ఎక్కడున్నాయో జాబితాలు మార్చుకుంటున్నాయి. కార్గిల్ జరిగింది, ముంబై దాడి జరిగింది, పుల్వామా జరిగింది, ఆ జాబితాలు మాత్రం ఆగలేదు.

విశాఖ సంగతి. మీకు అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వను. తూర్పు నౌకాదళ కేంద్రం అక్కడ ఉంది, అణు జలాంతర్గామి అరిహంత్ అక్కడే తయారై 2009 జులై 26న నీళ్ళలోకి దిగింది, అరిఘాత్ కూడా అక్కడే 2024 ఆగస్టులో నేవీలో చేరింది. యుద్ధంలో అలాంటి ఊరు ఎవరి లెక్కల్లోనైనా ఉంటుంది. కానీ మీరు హైదరాబాద్ మారిపోతే తప్పించుకుంటారా అంటే అదీ లేదు. 2022లో ఒక పరిశోధక బృందం లెక్కగట్టింది: భారత్, పాకిస్తాన్ అణుయుద్ధం చేసుకుంటే కాలిన నగరాల మసి పైకెక్కి ఎండని అడ్డుకుని, ప్రపంచమంతా పంటలు పోయి, ఆకలితో చనిపోయేవాళ్ళు 200 కోట్లు దాటొచ్చని. మసి ఎంత లేస్తుందనే దాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఉంది. అందులో పదో వంతు నిజమైనా, ఒక్క వానాకాలం సరిగ్గా పడకపోతేనే మన రైతుకి ఏమవుతుందో చూసినవాళ్ళం కాబట్టి నాకు వాదన పెద్దగా అవసరం లేదు.

అలాగని చేతులు ముడుచుకోమని చెప్పను. బాంబు పడ్డచోట చేసేదేమీ ఉండదు. కానీ అయిదు, పది, ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్ళలో చాలామంది ప్రాణం మొదటి గంటలో వాళ్ళేం చేశారనే దాని మీద ఆధారపడుతుంది. మెరుపు కనబడితే అటు చూడొద్దు, కిటికీ దగ్గరికి అసలు వెళ్ళొద్దు, వెంటనే కింద పడుకోవాలి. వెలుగు ముందు వస్తుంది, అద్దాలు పగలగొట్టే గాలి కొన్ని సెకన్ల తర్వాత వస్తుంది, కిటికీలోంచి తొంగి చూసేవాళ్ళు అప్పుడే కళ్ళు పోగొట్టుకుంటారు. గాలి దాటాక పది, పదిహేను నిమిషాల్లో, పైనుంచి విషధూళి రాలకముందే, కాంక్రీటు భవనంలోకి చేరాలి, రేకుల షెడ్డు, పెంకుటిల్లు, కారు పనికిరావు. అపార్ట్‌మెంటు అయితే పై అంతస్తూ వద్దు, కింది అంతస్తూ వద్దు, మధ్య అంతస్తులో బయటి గోడలకి దూరంగా ఉండే గది మంచిది, సెల్లార్ ఉంటే అదింకా మంచిది. బయట తిరిగి వస్తే పై బట్టలు గుమ్మంలోనే విప్పి సంచిలో కట్టి దూరంగా పెట్టాలి, దాంతోనే ధూళిలో చాలా భాగం పోతుంది, తర్వాత సబ్బుతో తల నుంచి స్నానం.

ఆపైన లోపలే ఉండాలి. ఇక్కడ మా లెక్క ఒకటి మీకు పనికొస్తుంది. సమయం ఏడు రెట్లు అయితే ఆ ధూళి రేడియేషన్ పదో వంతుకి పడిపోతుంది. గంట తర్వాత 1,000 ఉందనుకోండి, 7 గంటలకి 100, రెండు రోజులకి 10, రెండు వారాలకి 1. అందుకని మొదటి రోజు బయటికి పరుగెత్తడమే పెద్ద తప్పు, పిల్లలు స్కూల్లో ఉన్నా సరే స్కూలు కాంక్రీటు భవనమైతే వాళ్ళు అక్కడే క్షేమం. రాయడం తేలిక, తల్లిదండ్రులకి అది ఎంత కష్టమో నాకు తెలుసు. అయోడిన్ మాత్రలు అంటారు చూశారా, అవి థైరాయిడ్ గ్రంథిని ఒక్కదాన్నే, అదీ రేడియోధార్మిక అయోడిన్ నుంచే కాపాడతాయి, అధికారులు చెప్పకుండా మింగొద్దు. అయొడైజ్డ్ ఉప్పు ఎక్కువ తింటే ఏమీ రాదు, బీపీ తప్ప. ఆస్పత్రి ఉంది కదా అని ధీమా పెట్టుకోవద్దు, హిరోషిమాలో డాక్టర్లు, నర్సుల్లో నూటికి 90 మంది ఆ రోజే చనిపోయారు లేదా గాయపడ్డారు. ఇన్నేళ్ళు ఆస్పత్రుల్లో ఉన్న మనిషిగా చెప్తున్నాను, కాలిన గాయాల రోగులు ఇరవై మంది ఒకేసారి వస్తే మన పెద్ద ఆస్పత్రులే తట్టుకోలేవు.

ఇక అమ్మగారికి. ఆవిడ చేస్తోంది సరైన పనే అని చెప్పండి. డ్రమ్ముకి మూత గట్టిగా ఉండాలి, మనిషికి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన రెండు వారాలకి సరిపడా ఉంటే చాలు, పక్కనే అటుకులు, బిస్కెట్లు, బెల్లం, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు, టార్చి, సెల్లుతో నడిచే రేడియో. కరెంటు, సెల్‌ఫోన్ టవర్లు పోయినప్పుడు రేడియో ఒక్కటే దిక్కు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేక, నీళ్ళు లేక అవస్థ పడ్డారు కదా, ఆవిడకి అది గుర్తుండే పడుతున్నట్టుంది. నెలకోసారి ఆ నీళ్ళు మొక్కలకి పోసి మళ్ళీ పట్టమనండి.